చెవికిచ్చే రసీదు

పోయిన నెల ఒక శుక్రవారం ఉదయం మా ఆవిడ చనిపోయింది. ఏలూరులో, మా ఇంటి వరండాలో.

ఆ రోజు జరిగింది జరిగినట్టు రాస్తాను. పొద్దున్నే లేచి ప్రార్థన చేసుకుంది. కాఫీ పెట్టి నాకిచ్చి, తను సగం తాగి, గ్లాసు కిటికీలో పెట్టి మరిచిపోయింది. అది రోజూ ఉన్నదే. ముందురోజు సాయంత్రం తన టైపు షాపు నుంచి తెచ్చిన పాత కీబోర్డును వరండాలో బల్ల మీద పెట్టి విప్పింది. స్పేస్ బార్ పాడైంది. ఒకసారి నొక్కితే ఖాళీ పడదు, ఇంకోసారి నొక్కితే రెండు పడతాయి. దాని కింది స్విచ్ ఊడదీసి ఒక సీసా మూతలో వేసింది. వీపు పట్టేసినట్టుందంది. రాత్రి సరిగా పడుకోలేదేమో అని తనే జవాబు కూడా చెప్పుకుంది. తుడవడానికి స్పిరిట్ అయిపోయింది. "ఏవండీ, మందుల షాపు తీశాక ఒక సీసా తెస్తారా? తొందరేం లేదు" అంది.

మందుల షాపు మా సందు చివరే. నేను తిరిగొచ్చేసరికి కుర్చీలో వెనక్కి వాలి ఉంది. సన్న స్క్రూడ్రైవరు ఇంకా చేతిలోనే ఉంది. పిలిచాను. ఆసుపత్రికి తీసుకెళ్ళాం. గుండె అన్నారు. దారిలో కాదు, ఇంట్లోనే అయిపోయిందన్నారు. మర్నాడు సమాధి చేశాం.

ఇది చదువుతున్న మీలో కొందరు ఆమె షాపులో బెంచీ మీద కూర్చునే ఉంటారు. కలెక్టరాఫీసుకి కాస్త ఇవతల, జిరాక్సు షాపు పక్కన ఒక ఇరుకు గది. సోమవారం అర్జీలు ఇవ్వడానికి వచ్చేవాళ్ళు ముందు అక్కడ ఆగేవారు. ఆమె పేరు చాలామందికి తెలియదు. టైపమ్మగారు అనేవారు. నేనూ ఇక్కడ పేరు రాయను. ఆ పిలుపే ఆమెకి ఇష్టం.

నేను ఆమెను మొదట చూడలేదు, విన్నాను. డిగ్రీ అయ్యాక ఉద్యోగానికి పనికొస్తుందని తెలుగు టైపు నేర్చుకోవడానికి ఒక ఇన్‌స్టిట్యూట్‌లో చేరాను. నాది ముందు వరస, ఆమెది వెనక వరస. నా మిషను ఆగి ఆగి పడే చినుకులా ఉండేది. వెనకనుంచి వచ్చే చప్పుడు ఎక్కడా ఆగేది కాదు. ఒకరోజు మా సారు నాతో, "మీరు కొడుతున్నారో, ఎవరైనా తలుపు తడుతున్నారో తెలియట్లేదు బాబూ" అన్నారు. వెనక ఎవరో నవ్వారు. తిరిగి చూశాను. నేను లోయరు పరీక్ష ఎలాగో గట్టెక్కి, తాడేపల్లిగూడెంలో ఒక కాలేజీలో ఎకనామిక్స్ చెప్పుకుంటూ బతికాను. ఆమె హయ్యరు పాసై బతుకంతా టైపు కొట్టింది.

ఆ కీబోర్డు గూడెంలోనే దొరికింది. పెళ్ళయిన కొత్తలో మేమిద్దరం అక్కడే ఉండేవాళ్ళం. ఆమె ఒక ఆఫీసులో టైపిస్టు. టైప్‌రైటర్లు తీసేసి కంప్యూటర్ పెట్టినప్పుడు దానితో వచ్చిన కీబోర్డు అది. ఇటుకంత బరువు. ఒక్కో కీ టక్కుమని పలికేది. చాలా ఏళ్ళ తర్వాత, మేం ఏలూరు వచ్చి ఆమె సొంతంగా షాపు పెట్టుకున్నాక, ఆ ఆఫీసువాళ్ళు పాత సామాను పారేస్తున్నారని తెలిసింది. మిగతాదేదీ వద్దు, ఆ కీబోర్డు ఒక్కటీ అడిగి తెమ్మంది. తువ్వాల్లో చుట్టి, పాసింజరులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చాను. ఉంగుటూరులో ఎక్కినాయన దాన్ని ఎగాదిగా చూసి, "హార్మోనీ పెట్టెటండి, మేస్టారు?" అని అడిగాడు. కాదన్నాను. నమ్మలేదు. భీమడోలు వచ్చేదాకా ఏదైనా ఒక పాట వాయించమని అడుగుతూనే ఉన్నాడు. ఇంటికొచ్చి ఈ సంగతి చెప్తే ఆమె, "వాయించకపోయారా, మీ టైపు కన్నా బాగానే ఉండేది" అంది.

కొత్త కంప్యూటర్‌కి ఆ పాత తీగ పట్టదు. మధ్యలో ఒక ముక్క తగిలించి వాడుకుంది.

దాన్ని బాగుచేయడం ఆమెకి ఎవరూ నేర్పలేదు. చెడిపోయిన కొద్దీ విప్పి చూసి నేర్చుకుంది. ఒక్కో కీ కింద ఒక చిన్న డబ్బాలాంటి స్విచ్ ఉంటుంది. దాని లోపల ఒక స్ప్రింగు, గోరంత రేకు. నొక్కినప్పుడు ఆ రేకు వంగి విడుస్తుంది. అప్పుడే ఆ టక్కు. ఇక్కడి గాలిలో తడి, రోడ్డు మీది దుమ్ము కలిసి లోపల బంకలా పట్టేది. చప్పుడు పోయిన కీకి రేకు తీసి, స్పిరిట్‌తో తుడిచి, కాస్త వంచి మళ్ళీ పెట్టేది. అక్షరం పడని కీకి మొత్తం స్విచ్ మార్చాల్సిందే.

ఒకసారి జిరాక్సు షాపాయన, ఆమె భోజనానికి ఇంటికొచ్చిన టైములో, సాయం చేద్దామని కీల సందుల్లో కుట్టుమిషను నూనె వేశాడు. టైప్‌రైటర్లు చూసినవాడు గదా, ఇనుము అన్నాక నూనె పడాలనుకున్నాడు. "అక్కగారూ, అన్నిటికీ రెండేసి చుక్కలు వేశానండి. ఇక వెన్నలా జారతాయి, చూస్కోండి" అన్నాడు. మధ్యాహ్నానికల్లా కీలు లోపలికి దిగి పైకి రావడం మానేశాయి. ఆమె కోప్పడలేదు. "మంచిపని చేశారు తమ్ముడుగారూ. ఈ వారం అర్జీలన్నీ మీరే రాసిపెట్టండి" అంది. ఆ ఆదివారం చర్చి నుంచి రాగానే కూర్చుని ఒక్కో స్విచ్ విప్పి, కడిగి, ఆరబెట్టింది. వరండా నిండా వార్తాపత్రికలు, వాటి మీద చిన్న చిన్న స్ప్రింగులు. ఫ్యాను వేయనివ్వలేదు.

ఇంత అవస్థ ఎందుకని నేనే అడిగేవాణ్ణి. కొత్త కీబోర్డులు మెత్తగా ఉంటాయి, చేతులు నొప్పి పుట్టవు. జిరాక్సు షాపాయన అప్పటికే, నూనె పోసిన సిగ్గుతో, ఒకటి తెచ్చిచ్చాడు కూడా. ఆమె ఒక సోమవారం దాంతో పనిచేసింది. ఆ ఒక్క సోమవారమే.

ఆ రోజు కాలేజీకి సెలవు కావడంతో నేనూ షాపులో ఉన్నాను. కొల్లేటి లంక ఊరి నుంచి, అంతకుముందూ వచ్చి వెళ్ళిన ఒక పెద్దావిడ వచ్చింది. ఆవిడ భర్త చేపలు పట్టేవాళ్ళ సొసైటీలో సభ్యుడు. ఆయన పోయాడు. ఆయన పేరు తీసి తన పేరు వేయమని ఆవిడ అడుగుతోంది. ఇంతలో ప్రభుత్వంవాళ్ళు కొల్లేటిలో అక్రమ చేపల చెరువుల గట్లు కొట్టేశారు. ఆ గొడవలో ఈవిడ కాయితం ఎవరికీ కనపడలేదు. పేరు లేకపోతే వల పట్టుకుని దిగినా పరాయిదానివే అంటున్నారట.

ఆవిడ చెప్పడం మొదలుపెట్టింది. మా ఆవిడ కొడుతోంది. కొద్దిసేపటికి ఆవిడ ఆగిపోయింది.

"చెప్పండమ్మా, ఆగారేం?"

"మీరు రాయట్లేదు గదండి."

"రాస్తున్నానమ్మా. ఇదిగో, చూడండి." మా ఆవిడ తెర ఆవిడ వైపు తిప్పింది.

"అది నాకేం తెలుస్తాదండి. ఎప్పుడూ టకటకలాడేది. ఇయ్యాల చప్పుడు లేదు. నా మాట ఎక్కట్లేదేమోనండి."

"ఇది కొత్తదమ్మా. చప్పుడు చెయ్యదు."

"ఏమోనండి." ఆవిడ కొంగు సర్దుకుని బయటికి చూస్తూ కూర్చుంది. "చప్పుడుంటే నాకు తెలుస్తాదండి. మా ఆయన పోయాడన్నప్పుడు కొడతారు గదా, అప్పుడు అనుకుంటాను, ఆఁ, అది ఎక్కింది, ఇక ఎవరూ కాదనలేరు అని."

మా ఆవిడ కొత్తదాన్ని ఊడదీసి అట్టపెట్టెలో పెట్టేసింది. అప్పటికి పాతదానిలో కొన్ని కీలు అక్షరం పడినా పలకడం లేదు. ఆ పలకని వాటితోనే పాతదాన్ని తగిలించి, "మొదటి నుంచీ చెప్పండమ్మా" అంది. ఆవిడ మొదటి నుంచీ చెప్పింది.

ఆ సాయంత్రం ఇంటికి నడుస్తూ నాతో అంది. "చదవడం వచ్చినవాళ్ళకి కాయితం చేతికిస్తే చాలండి. రానివాళ్ళకి రసీదు చెవికే ఇవ్వాలి."

తర్వాత నేను గమనించాను. బెంచీ మీద కూర్చున్నవాళ్ళలో చాలామంది తెర వైపు చూడరు. ఆమె చేతుల వైపు చూస్తారు. తాము ఒక మాట అనగానే చప్పుడు వస్తే తల ఊపుతారు. ఆమె కూడా వాళ్ళ మాటకి ముందుపడేది కాదు. ఏం చెప్పబోతున్నారో తెలిసినా ఆగేది. ఎవరైనా ఏడిస్తే కీల మీంచి చేతులు తీసి ఒళ్ళో పెట్టుకునేది. ఏడుపు ఆగి మాట వచ్చాక మళ్ళీ మొదలుపెట్టేది. ఏడుపు మీద టైపు చప్పుడు పడకూడదని ఆమె ఎప్పుడూ చెప్పలేదు. నాకలా అర్థమైంది.

ఇంకొక అలవాటు ఉండేది. పాత అర్జీ కంప్యూటర్‌లో ఉన్నా దాన్ని తీసేది కాదు. మళ్ళీ వచ్చినవాళ్ళ చేత మళ్ళీ చెప్పించుకుని మళ్ళీ కొట్టేది. తేదీ ఒక్కటి మారిస్తే సరిపోతుంది కదా అన్నాను. "తేదీ మారిస్తే కాయితం వస్తుందండి. చెప్పుకున్నట్టు ఉండదు" అంది. మళ్ళీ తనే, "మొన్నటికి ఇవాళ్టికి బాధ ఒకేలా ఉంటుందా ఏంటి?" అంది. అప్పుడు నేను వాదించాను. ఇప్పుడు వాదించను.

ఆ లంక ఊరి పెద్దావిడ, పేరు మారక మళ్ళీ మళ్ళీ తిరుగుతూ, వచ్చినప్పుడల్లా ఎండు రొయ్యలో, ఎండు చేపలో ఒక పొట్లం తెచ్చేది. మా ఆవిడ, "ఇంకోసారి తెస్తే టైపు కొట్టను" అనేది. పొట్లం తీసుకునేది. ఆవిడ మళ్ళీ తెచ్చేది. వాళ్ళిద్దరి మధ్య అది నమస్కారం లాంటిది.

స్విచ్‌ల సంగతి చెప్పాలి. ఆ రకం స్విచ్‌లు ఎక్కడా దొరకవు. విజయవాడలో కూడా అడిగాం. అందుకని ఆమె ఆ కీబోర్డులోంచే తీసి ఆ కీబోర్డుకే వేసేది. పై వరసలో, కుడిపక్కన, టైపుకి ఎప్పుడూ అక్కర్లేని కీలు చాలా ఉంటాయి. "ఊరికే కూర్చున్నవాళ్ళ దగ్గర తీసుకుని పని చేసేవాళ్ళకి ఇవ్వాలండి" అనేది. వాటి కింది స్విచ్ పీకి, చెడిపోయిన కీ కింద పెట్టి టంకం వేసేది. పీకిన చోట మళ్ళీ ఆ కీ టోపీని ఖాళీ గుంట మీదే అమర్చేది. పైనుంచి చూస్తే అన్నీ ఉన్నట్టే ఉంటుంది. వేలు పెడితేనే తెలుస్తుంది. ఎందుకలాగని అడిగితే, "బోసిగా ఉంటే వచ్చినవాళ్ళు భయపడతారు, ఇదేం పనిచేస్తుందిలే అనుకుంటారు" అంది.

ఆ పని ఎప్పుడూ పొద్దుటి పూటే చేసేది. మా వరండా తూర్పు ముఖం. లైటు వెలుతురులో టంకం మెరిసి కళ్ళని మోసం చేస్తుందనేది. నా పని అద్దం పట్టుకోవడం. నేను గడ్డం గీసుకునే చేతి అద్దం. ఆమె కుర్చీ వెనక నిలబడి, ఎండని అద్దంతో పట్టి, ఆమె చేస్తున్న చోట పడేలా చూడాలి. చెయ్యి కాస్త కదిలితే వెలుగు గోడెక్కేది. "ఏవండీ, ఎండ ఎటో పోయింది" అనేది తల ఎత్తకుండా. మళ్ళీ తెచ్చి పెట్టేవాణ్ణి. రిటైరయ్యాక నాకు నచ్చిన ఉద్యోగం అదొక్కటే.

టంకం వేసేటప్పుడు ఒక మాట ఎప్పుడూ అనేది. నాతో కాదు, తనతోనే. "ఊపిరి బిగపట్టకూడదు. బిగపడితే చెయ్యి వణుకుతుంది." అని వదిలేది ఊపిరి.

ఆమె పోయాక షాపు తీయలేదు. పోయిన సోమవారం వెళ్ళాను. గది ఖాళీ చేసి ఇచ్చేద్దామనే వెళ్ళాను. బెంచీ బయటే ఉంది, ఎప్పట్లాగే. దాని మీద ఆ పెద్దావిడ కూర్చుని ఉంది. కొన్నాళ్ళు జ్వరంతో పడుకుందట. ఏమీ తెలియదు. జిరాక్సు షాపాయన చెప్పలేక లోపలికెళ్ళి మిషను దగ్గర ఏదో సర్దుతున్నాడు.

"అమ్మగారు రాలేదాండి?" అంది నన్ను చూసి.

చెప్పాను. ఒక్క వాక్యమే చెప్పాను.

ఆవిడ ఒళ్ళో సంచీని రెండు చేతులా పట్టుకుంది. నా వైపు చూడలేదు. తర్వాత అంది. "మా ఆయన పోయినప్పుడు నన్ను ఒక్క మాట అడిగిందండి ఆ తల్లి. అన్నం తిన్నావా అని. మీరు తిన్నారాండి?"

తిన్నానన్నాను.

"అబద్ధం" అంది.

అప్పటికి జిరాక్సు షాపాయన బయటికొచ్చాడు. "అమ్మా, నా దగ్గర రాసిస్తానులే. పాత అర్జీ కాయితం ఉందా? దాన్నే చూసి కొట్టేస్తాను" అన్నాడు.

"నీది మాటాడదు గదా బాబూ" అంది ఆవిడ. నా వైపు తిరిగి, "వచ్చే సోమారం కొత్త ఆఫీసరుగారు మా సొసైటీవాళ్ళని పిలిచారండి. ఎవరి కాయితం వాళ్ళు పట్టుకురమ్మన్నారంట. ఈసారి అవకపోతే ఇక వదిలేయమంటన్నాడు మా మరిది" అంది.

"ఆ కీబోర్డు విప్పేసి ఉందమ్మా. ఒక స్విచ్ లేదు."

"ఎయ్యండి."

"నాకు రాదు."

"మీరు పక్కన అద్దం పట్టుకునుంటారంట గదా. అమ్మగారే చెప్పారు, మా ఆయన ఎండ పట్టుకొస్తాడని."

ఆవిడ సంచీలోంచి పొట్లం తీసి బెంచీ మీద పెట్టింది. అది ఆమెకి తెచ్చిన పొట్లం. తీసుకెళ్ళమని చెప్దామనే నోరు తెరిచాను. అలవాటైన మాట, వినీ వినీ నోటికొచ్చిన మాట, అదే బయటికొచ్చింది.

"ఇంకోసారి తెస్తే టైపు కొట్టను."

పెద్దావిడ లేచి నిలబడింది. "అంటే ఈసారికి కొడతారన్నమాటే గదండి" అంది. చెప్పులు వేసుకుని బస్సు కోసం వెళ్ళిపోయింది.

గది ఖాళీ చేయలేదు. పొట్లం ఇంటికి తెచ్చాను.

ఈ వారమంతా ఆ బల్ల దగ్గరికి వెళ్ళి వెనక్కొస్తూ ఉన్నాను. అంతా ఆమె వదిలిన చోటే ఉంది. ఊడిన స్క్రూలు, సీసా మూత, అందులో చెడిన స్విచ్. నిన్న కూర్చుని, అక్కర్లేని కీల మీద ఒక్కొక్కదాని మీద వేలు పెట్టి చూశాను. పై వరస అంతా ఖాళీ. వేలు పెడితే చప్పుడు లేకుండా దిగిపోయాయి. కుడిపక్కనవి కూడా. ఇన్నేళ్ళూ వెనకే నిలబడ్డాను, ఇన్ని తీసిందని తెలియలేదు. పైకి అన్నీ ఉన్నట్టే ఉన్నాయి.

చివర్న పాజ్ అని రాసి ఉన్న కీ టక్కుమంది. అదొక్కటే మిగిలింది.

దాన్ని పాడుచేస్తే ఇంకోటి లేదు. వేడి ఎక్కువైతే ప్లాస్టిక్కు కరుగుతుంది, తక్కువైతే టంకం పట్టదు. ఎంతసేపు పెట్టాలో ఆమె చెప్పలేదు. ఆమె చేతులకి తెలుసు. నాకు తెలిసింది ఆమె తల ఎంత వంగేదో, ఎప్పుడు ఊపిరి వదిలేదో. వెనకనుంచి చూసినవాడికి అంతే తెలుస్తుంది. నిన్న పొద్దున ఆమె తల ఎంతసేపు వంగి ఉండేదో మనసులో గుర్తు చేసుకుంటూ, అంతసేపే వేడి పెట్టి, ఆ స్విచ్ బయటికి తీశాను. పగల్లేదు. ఇప్పుడు మూతలో రెండున్నాయి. చెడింది, మంచిది. మంచిదానికి గుర్తుగా దారం కట్టాను.

మంచిదాన్ని దాని చోట పెట్టేలోపు ఎండ వరండా దాటిపోయింది. ఆగాను. లైటు వేసి చేసేవాణ్ణే. ఆమె ఒప్పుకునేది కాదు.

ఈరోజు ఆదివారం. చర్చికి వెళ్ళి, సమాధి దగ్గర కాసేపు ఉండి వచ్చాను. సాయంత్రం ఇది రాస్తున్నాను. రాయడం ఎందుకంటే, సోమవారాలు ఆ బెంచీ దగ్గరికి వచ్చి తాళం చూసి వెళ్ళినవాళ్ళు ఉన్నారని జిరాక్సు షాపాయన చెప్పాడు. వాళ్ళకి ఎవరైనా ఇది చదివి వినిపిస్తే, విషయం తెలుస్తుంది. నా టైపు నెమ్మది. తలుపు తట్టినట్టు ఉంటుంది. ఓపిక పట్టాలి.

రేపు పొద్దున ఎండ వరండాలోకి రాగానే దారం విప్పి ఆ స్విచ్‌ను స్పేస్ బార్ కింద పెట్టి టంకం వేస్తాను. ఊపిరి బిగపట్టను. పాజ్ కీ టోపీని దాని ఖాళీ గుంట మీద మళ్ళీ అమరుస్తాను. కీబోర్డును తువ్వాల్లో చుట్టుకుని, పెద్దావిడ దిగే కైకలూరు బస్సు వచ్చేలోపు షాపు తాళం తీస్తాను. ఆవిడ వచ్చి కూర్చున్నాక, మొదటి నుంచీ చెప్పమంటాను.

అద్దం పట్టుకునేవాళ్ళు లేరు. ఆ శుక్రవారం తెచ్చిన స్పిరిట్ సీసా మూత కూడా తీయకుండా బల్ల మీదే ఉంది. అద్దాన్ని దానికి ఆనించి, ఎండ కదిలినప్పుడల్లా లేచి సర్దుకుంటాను.